పుకారు చెవిన పడ్డాక ఏం చేయాలి: మదీనా తొలి సమాజం పాటించిన పద్ధతి

బనూ ముస్తలిఖ్ తెగ దగ్గర జకాత్ (విధిగా ఇవ్వాల్సిన దానం) వసూలు చేసుకురమ్మని దైవప్రవక్త ముహమ్మద్ (స) వలీద్ బిన్ ఉఖ్బా (రజి)ని పంపారు. ఆయన సగం దారిలోనే వెనక్కి తిరిగొచ్చి, వాళ్లు జకాత్ ఇవ్వబోమన్నారనీ, తనను చంపడానికి వచ్చారనీ చెప్పారు. తీరా ఆరా తీస్తే, ఆ తెగవాళ్లు గుంపుగా ఎదురొచ్చింది స్వాగతం చెప్పడానికే. సూరా (అధ్యాయం) హుజురాత్ 6వ ఆయతు (వాక్యం) ఈ సందర్భంలోనే అవతరించిందని ఖుర్ఆన్ వ్యాఖ్యాతల్లో ఎక్కువమంది రాశారు. నమ్మదగని మనిషి ఒక కబురు తెస్తే నిజానిజాలు తేల్చుకోండి, లేదంటే తెలియక ఒక జనానికి హాని చేసి, ఆ తర్వాత చేసిన పనికి కుమిలిపోతారు అని దాని భావం.

ఆ ఆయతులో ఉన్న మాట ‘తబయ్యనూ’, అంటే స్పష్టం చేసుకోండి. ఖుర్ఆన్ పఠన రీతుల్లో మరొకదాని ప్రకారం అక్కడ ‘తసబ్బతూ’ అని చదువుతారు, అంటే నిలకడగా నిర్ధారించుకోండి. చెప్పినవాడు చెడ్డవాడు కాబట్టి కబురు పారేయమని ఆయతు చెప్పలేదు. చెడ్డవాడూ ఒక్కోసారి నిజమే చెబుతాడు. తేల్చుకునేదాకా చెయ్యి ఆపమని మాత్రమే చెప్పింది. ఆపడం, తేల్చడం అనే ఈ రెండు పనులనూ తొలి ముస్లిం సమాజం ఎలా చేసిందో చూసి, అదే వరసలో మనం ఎలా చేయాలో ఇక్కడ రాస్తున్నాం. పదిమందికి జవాబు చెప్పాల్సిన చోట ఉన్నవాళ్ల కోసం ఇది: మస్జిద్ కమిటీ బాధ్యులు, మదర్సా ఉపాధ్యాయులు, సంఘాల పెద్దలు, ఫోన్లలో గ్రూపులు నడిపేవాళ్లు.

ఒక జాగ్రత్త. కింద వచ్చే సంఘటనల్లో ఎక్కువ భాగం సహీహ్ (ప్రామాణికమని తేలిన) హదీసుల్లో, అంటే దైవప్రవక్త (స) మాటల, చేతల కథనాల్లో ఉన్నవి. సీరా (దైవప్రవక్త జీవిత చరిత్ర), చరిత్ర గ్రంథాల్లో మాత్రమే ఉన్నవాటి దగ్గర ‘చరిత్రకారులు రాశారు’ అని వేరు చేసి చెబుతున్నాం. పుకార్ల గురించి మాట్లాడేటప్పుడు ఆ మాత్రం తేడా పాటించకపోతే ఇక రాయడమే అనవసరం.

ముందు కబురును తూచండి

అన్ని కబుర్లకూ ఒకే కొలత పెట్టకండి. హిజ్రీ 2లో ఖిబ్లా (నమాజులో ముఖం పెట్టే దిక్కు) జెరూసలేం నుంచి కాబా వైపు మారినప్పుడు, ఖుబాలో జనం ఫజ్ర్ నమాజులో ఉండగా ఒక్క మనిషి వచ్చి చెప్పాడు. వాళ్లు నమాజులోనే ఇటు తిరిగారు. రెండో సాక్షి కావాలనలేదు. ఆ మార్పు వస్తుందని అప్పటికే ఎదురుచూస్తున్నారు, అబద్ధమైతే కాసేపట్లో తేలిపోతుంది, ఎవరి పరువూ దానికి ముడిపడి లేదు.

హక్కులు, ఆస్తులు మారే మాటకు కొలత పెరిగింది. మనవడి ఆస్తిలో తన వాటా అడుగుతూ ఒక అవ్వ ఖలీఫా అబూ బక్ర్ (రజి) దగ్గరికి వచ్చింది. దైవప్రవక్త (స) ఆరో వంతు ఇప్పించడం చూశానని ముఘీరా బిన్ షుఅబా (రజి) చెప్పారు. ‘నీతో పాటు చూసినవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?’ అని ఖలీఫా అడిగారు. ముహమ్మద్ బిన్ మస్లమా (రజి) లేచి తానూ చూశానన్నాకే వాటా ఇచ్చారు.

ఉమర్ (రజి) హయాంలో ఇలాంటిదే ఇంకొకటి. అబూ మూసా అష్అరీ (రజి) ఆయన గుమ్మం దగ్గర మూడుసార్లు అనుమతి అడిగి, జవాబు రాక వెళ్లిపోయారు. ఎందుకు వెళ్లావంటే, మూడుసార్లకు అనుమతి రాకపోతే తిరిగి వెళ్లమని దైవప్రవక్త (స) చెప్పారన్నారు. సాక్షిని తెమ్మన్నారు ఉమర్. అబూ మూసా బెదురుతూ అన్సార్ల (మదీనా స్థానిక ముస్లింల) దగ్గరికి వెళ్తే, ఈ పనికి మాలో అందరికంటే చిన్నవాడు చాలని అబూ సయీద్ ఖుద్రీ (రజి)ని పంపారు. తర్వాత ఉమర్ అబూ మూసాకు చెప్పిన మాట పట్టుకోండి: నిన్ను అనుమానించలేదు, జనం దైవప్రవక్త (స) పేరు మీద మాటలు అల్లేస్తారేమోనని భయపడ్డాను. సాక్ష్యం అడగడం అవమానించడంగా మారకుండా ఉండాలంటే, ఎందుకు అడిగారో ఆ మనిషికే విడమరచి చెప్పాలి.

ఒకరి శీలం మీద నిందకైతే కొలత కొండంత. సూరా నూర్ నలుగురు సాక్షులను అడుగుతుంది. తేలేనివాళ్లకు 80 కొరడా దెబ్బల శిక్ష చెబుతుంది, ఆ తర్వాత వాళ్ల సాక్ష్యం చెల్లదంటుంది. శిక్ష అమలు న్యాయస్థానం పని. మన పనికి కావాల్సింది ఆ కొలతే. కబురు రాగానే మిమ్మల్ని మీరు అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఇది తప్పని రేపు తేలితే నష్టం ఎవరికి, ఎంత, దాన్ని మళ్లీ పూడ్చగలమా? పూడ్చలేని నష్టమైతే సాక్ష్యం బరువు అంతకంత పెంచండి.

‘ట’ అనే ఒక్క అక్షరం

తెలుగులో పుకారుకు ప్రత్యేకంగా వాహనం అక్కర్లేదు. క్రియ చివర ‘ట’ తగిలిస్తే చాలు. డబ్బు తిన్నాడట, లేచిపోయిందట, అమ్మేశారట. చెప్పినవాడి మీద బాధ్యత ఉండదు, మాట మాత్రం నడిచిపోతుంది. అరబీలో ఈ పని చేసే మాట ‘జఅమూ’, అంటే ‘వాళ్లు అంటున్నారు’. మనిషి ఎక్కే వాహనాల్లో ‘జఅమూ’ ఎంత చెడ్డదో అని దైవప్రవక్త (స) అన్నట్టు హదీసు ఉంది. విన్నదల్లా చెప్పడమే మనిషి అబద్ధాలకోరు కావడానికి సరిపోతుందని ఇంకో హదీసు.

కాబట్టి మీ దగ్గరికి ‘ట’తో వచ్చిన ప్రతి వాక్యాన్నీ ఆపి, ఆ అక్షరం తీయించండి. ‘తిన్నాడట’ అన్న మనిషిని, ‘తిన్నాడని నువ్వు చూశావా, ఎవరు చూశారు, ఆ చూసినవాడు నీకే నోటితో చెప్పాడా?’ అని అడగండి. గొంతు పెంచొద్దు, నిలదీసినట్టు ఉండొద్దు. సాధారణంగా రెండో ప్రశ్నకే మాట సన్నబడిపోతుంది. అడిగినప్పుడు ‘నాకు తెలియదు’ అన్న జవాబు వస్తే దాన్ని గౌరవించండి, అలా అన్నవాణ్ణి పిరికివాడిగా చూడకండి. ఎందుకో తర్వాతి సంఘటనలో తెలుస్తుంది.

కబురు ఎటు పోవాలి

సూరా నిసా 83వ ఆయతు ఒక జబ్బును పేరు పెట్టి చెబుతుంది: శాంతి గురించో భయం గురించో ఒక మాట రాగానే దాన్ని చాటేస్తారు, దాన్ని ప్రవక్తకో బాధ్యులకో అప్పగించి ఉంటే, లోతుకు వెళ్లి నిజం తీయగలిగినవాళ్లు దాని సంగతి తేల్చేవారు. ఇక్కడి ‘ఇస్తింబాత్’ అనే మాట మొదట బావి తవ్వి ఊట తీయడానికి వాడేది. నిజం నేల మీద పడి ఉండదు, తవ్వాలి. తవ్వడం వచ్చినవాళ్ల దగ్గరికి కబురును చేర్చాలి.

ఉమర్ (రజి) చేసి చూపించిందే దీనికి నమూనా. ఆయన మదీనా శివారులో ఉండేవారు. పొరుగున ఉన్న అన్సారీతో వంతులు వేసుకుని, ఒక రోజు ఒకరు దైవప్రవక్త (స) దగ్గరికి వెళ్లి విషయాలు తెలుసుకొచ్చేవారు. ఆ రోజుల్లో సిరియా వైపు పాలించే ఘస్సాన్ రాజు దండెత్తబోతున్నాడన్న భయం ఊరంతా ఉంది. ఒక రాత్రి ఆ పొరుగాయన వచ్చి తలుపు దబదబా బాదాడు. ‘ఘస్సాన్ వచ్చేసిందా?’ అన్నారు ఉమర్. ‘అంతకంటే పెద్దది, దైవప్రవక్త (స) తమ భార్యలకు తలాఖ్ ఇచ్చేశారు’ అన్నాడాయన.

ఉమర్ కుమార్తె హఫ్సా (రజి) ఆ భార్యల్లో ఒకరు. అంటే కబురు నేరుగా ఆయన ఇంటికే తగిలింది. అయినా ఆయన రాత్రి ఎవరికీ చెప్పలేదు. తెల్లవారి ఫజ్ర్ నమాజు మస్జిద్‌లో చేసి, ముందు కుమార్తె దగ్గరికి వెళ్లారు. ఆమె ఏడుస్తోంది. ‘తలాఖ్ ఇచ్చారా?’ అంటే ‘నాకు తెలియదు’ అంది. విషయం ఎవరిదో ఆ మనిషే తెలియదన్నది, మస్జిద్‌లో మింబర్ (ప్రసంగ వేదిక) చుట్టూ కూర్చున్నవాళ్లు మాత్రం తేలిపోయినట్టే ఏడుస్తున్నారు. దైవప్రవక్త (స) మేడగదిలో ఒంటరిగా ఉన్నారు. ఉమర్ కాపలా ఉన్న సేవకుడి ద్వారా అనుమతి అడిగారు. జవాబు లేదు. మళ్లీ అడిగారు, లేదు. మూడోసారి తర్వాత వెనుదిరుగుతుండగా పిలుపు వచ్చింది. లోపల దైవప్రవక్త (స) ఈతచాప మీద పడుకుని ఉన్నారు, చాప అచ్చులు పక్క మీద పడ్డాయి. ఉమర్ కూర్చోకుండా నిలబడే అడిగారు: మీరు మీ భార్యలకు తలాఖ్ ఇచ్చారా? ‘లేదు.’ ఒక నెల దూరంగా ఉంటానని మాత్రమే ప్రమాణం చేశారు, ఆ నెల 29 రోజులకు ముగిసింది.

తర్వాత ఉమర్ చేసిన రెండు పనులు చాలామంది చెప్పకుండా వదిలేస్తారు. ‘కిందికి వెళ్లి జనానికి చెప్పనా?’ అని అనుమతి తీసుకున్నారు. ఆ పైన మస్జిద్ గుమ్మంలో నిలబడి గొంతెత్తి ప్రకటించారు. పుకారు ఏ చోట పాకిందో అక్కడే, పాకినంత గట్టిగానే.

మీరు పాటించాల్సిన వరస అదే. విన్న రాత్రి మూసిపెట్టండి. విషయానికి అతి దగ్గరి మనిషిని అడగండి. ఆ మనిషికి తెలియకపోతే, తెలిసిన ఒకే ఒక్కరి దగ్గరికి వెళ్లండి, గుమ్మం మూడుసార్లు తట్టాల్సి వచ్చినా. అవును, కాదు అని తేలే ప్రశ్న ఒక్కటే అడగండి. చాటడానికి అనుమతి తీసుకోండి. పుకారు నడిచిన గ్రూపులోనే ఖండన పెట్టండి. గ్రూపులో పుట్టిన మాటను నలుగురికి విడిగా చెప్పి ఊరుకుంటే మిగతావాళ్ల మనసుల్లో అది నిజంగానే మిగిలిపోతుంది.

బాధ్యులకు ఇక్కడ ఒక బాధ్యత కూడా ఉంది. మీ దగ్గరికి చేరే దారి తెలియకపోతే జనం పక్కవాడికే చెబుతారు. ఫలానా విషయానికి ఫలానా మనిషిని అడగండి అని, పుకారు లేని రోజుల్లోనే పేరుతో సహా చెప్పి ఉంచండి.

ఎవరిని, ఎలా అడగాలి

యెమెన్‌కు న్యాయాధికారిగా పంపేటప్పుడు అలీ (రజి)కి దైవప్రవక్త (స) ఇచ్చిన సూచన: మొదటివాడి మాట విన్నట్టే రెండోవాడి మాటా వినేదాకా తీర్పు చెప్పకు. ‘మొదటివాడి మాట విన్నట్టే’ అన్న ముక్కలోనే అసలు సంగతి ఉంది. రెండోవాణ్ణి నామమాత్రంగా పిలిచి, మొదటివాడి మాట చెవిలో మోగుతుండగా వినడం విచారణ అనిపించుకోదు.

ఇరాక్‌లోని కూఫా ప్రజలు తమ గవర్నరు సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) మీద ఫిర్యాదు చేశారు, నమాజు కూడా సరిగ్గా చేయించడు అనేదాకా వెళ్లారు. ఖలీఫా ఉమర్ ముందు సఅద్‌ను పిలిచి అడిగారు. దైవప్రవక్త (స) చేయించినట్టే చేయిస్తున్నాను, మొదటి రెండు రకాతులు నిదానంగా, చివరి రెండూ తేలిగ్గా అని ఆయన చెప్పారు. ‘మీ గురించి నేననుకున్నదీ అదే’ అన్నారు ఉమర్. అంతటితో ఆగిపోలేదు. సఅద్‌ను వెంటబెట్టి మనిషిని కూఫా పంపారు. ఆ ఊళ్లో మస్జిద్ అన్నది వదలకుండా తిరిగి, సఅద్ ఎదుటే అడిగించారు. అందరూ మంచే చెప్పారు. బనూ అబ్స్ మస్జిద్‌లో మాత్రం ఒకాయన లేచి, యుద్ధాలకు వెళ్లడనీ, పంపకాల్లో సమానం పాటించడనీ, తీర్పుల్లో న్యాయం లేదనీ ముఖం మీదే అన్నాడు. అలా అనగలిగే వీలు ఉండటమే ఆ విచారణ బలం. తమ మనిషి మీద నమ్మకం ఉన్నా విచారించాలి, విచారణ బాహాటంగా జరగాలి, నిందితుడు అక్కడ ఉండాలి, అయినా వ్యతిరేకంగా మాట్లాడేవాడికి భయం ఉండకూడదు. ఈ నాలుగింటిలో ఒకటి లేకపోయినా ఫలితాన్ని ఎవరూ నమ్మరు.

సాక్షులను కూర్చోబెట్టడంలో ఒక మెలకువ బైజాంటియన్ చక్రవర్తి హెరాక్లియస్ దగ్గర కనబడుతుంది. అప్పటికి ఇస్లాంకు శత్రువుగా ఉన్న అబూ సుఫ్యాన్‌ను దైవప్రవక్త (స) గురించి విచారించేటప్పుడు, అతని తోటి వర్తకులను అతని వెనక కూర్చోబెట్టి, ఇతను అబద్ధం చెబితే కాదనండి అన్నాడు. అబద్ధాలకోరునని పేరు పడుతుందన్న సిగ్గు లేకపోతే అబద్ధమే చెప్పేవాడినని అబూ సుఫ్యాన్ తర్వాత ఒప్పుకున్నారు. ఒక్కడిని గదిలో కూర్చోబెట్టి వినడం కంటే, విషయం తెలిసినవాళ్లు వింటుండగా చెప్పించడం ఎప్పుడూ మేలు. చెప్పేవాడికి ప్రాణభయమో, ఇంటి గుట్టో ఉన్నప్పుడు మాత్రం విడిగానే వినాలి.

నెల రోజుల నింద

‘ఇఫ్క్’ (పచ్చి అబద్ధం) అని పిలిచే ఈ ఘటన దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే పుకారు ఎలా బతుకుతుందో ఇంత దగ్గరగా చూపించేది ఇంకొకటి లేదు. బనూ ముస్తలిఖ్ మీదికి వెళ్లిన సైన్యం తిరిగి వస్తోంది. ఒక మజిలీలో దైవప్రవక్త (స) భార్య, విశ్వాసుల మాత ఆయిషా (రజి) పక్కకు వెళ్లినప్పుడు మెడలోని పూసల దండ తెగి పడిపోయింది. వెతుక్కుంటూ ఉండగా, ఆమె లోపలే ఉందనుకుని డోలీని ఒంటె మీదికి ఎత్తేశారు. ఆమె తేలికైన మనిషి, తేడా తెలియలేదు. వెనక వస్తున్న సఫ్వాన్ బిన్ ముఅత్తల్ (రజి) ఆమెను చూసి, తన ఒంటె ఎక్కించి, తాను నడుస్తూ మధ్యాహ్నానికి సైన్యాన్ని చేరుకున్నారు. జరిగింది ఇంతే. కపట విశ్వాసుల నాయకుడు అబ్దుల్లా బిన్ ఉబయ్ దీన్ని నిందగా మలిచాడు. మిస్తహ్, హస్సాన్, హమ్నా లాంటి నిజమైన విశ్వాసులు కూడా ఆ మాట మోశారు.

‘నిప్పు లేనిదే పొగ రాదు’ అంటాం మనం. సూరా నూర్ ఈ సామెతకు ఎదురు నిలుస్తుంది: విన్నప్పుడే విశ్వాసులైన స్త్రీ పురుషులు తమవాళ్ల గురించి మంచిగా తలచి, ఇది పచ్చి అబద్ధం అని ఎందుకు అనలేదు? మీకు తెలియనిదాన్ని నోళ్లతో అంటున్నారు, దాన్ని తేలికైనదనుకుంటున్నారు, అల్లాహ్ దగ్గర అది చాలా పెద్దది. అబూ అయ్యూబ్ (రజి) ఇంట్లో జరిగిన సంభాషణను చరిత్రకారులు రాశారు. జనం మాట విన్నారా అని భార్య అడిగితే, ‘విన్నాను, అబద్ధం. అలాంటి పని నువ్వు చేస్తావా?’ అన్నారాయన. ‘అల్లాహ్ సాక్షిగా చేయను.’ ‘ఆయిషా నీకంటే మేలైన మనిషి.’ రెండు వాక్యాల్లో పుకారు ఆ గుమ్మం దాటలేదు. నింద వినగానే చేయదగ్గ పరీక్ష ఇదే: ఆ స్థానంలో మిమ్మల్ని నిలబెట్టుకోండి.

దైవప్రవక్త (స) వాకబు చేసిన తీరు చూడండి. అలీని, ఉసామా బిన్ జైద్ (రజి)ని సలహా అడిగారు. ఇంట్లో మెలిగే బరీరా (రజి)ని అడిగారు. ఆమె చెప్పిన జవాబు ఎంత నిఖార్సైనదో: పిండి కలిపి పెట్టి నిద్రపోతుంది, మేక వచ్చి తినేస్తుంది, ఆ చిన్న వయసు అజాగ్రత్త తప్ప ఆమెలో నేనెంచే లోపం లేదు. చూసిన మనిషి సాక్ష్యం ఇలా ఉంటుంది, పిండి, మేక లాంటి వివరాలతో. అల్లిన సాక్ష్యంలో విశేషణాలే ఉంటాయి. సవతి అయిన జైనబ్ (రజి)ని కూడా అడిగారు. నిందలో పాలుపంచుకున్న హమ్నా ఆమెకు సొంత తోబుట్టువు. నిందను బలపరిస్తే లాభపడేది ఆమే. ‘నా చెవిని, నా కంటిని కాపాడుకుంటాను, ఆమె గురించి మంచే తెలుసు’ అందామె. లాభం ఉన్నా చెప్పనివాళ్ల మాటకు రెట్టింపు విలువ ఇవ్వండి.

నష్టం ఎక్కడ జరిగింది? ఆయిషా జబ్బుపడి నెల రోజులు మంచం మీద ఉన్నారు, తన మీద నింద నడుస్తోందన్న సంగతి అందరికంటే ఆలస్యంగా ఆమెకే తెలిసింది. చివరికి ఆమె అన్న మాట: మీరు ఈ మాట విని విని అది మీ మనసుల్లో నాటుకుపోయింది, నేను నిర్దోషినంటే మీరు నమ్మరు. సాక్ష్యం వల్ల కాక వినికిడి వల్లే మాట నాటుకుంటుంది. అందుకే ఖండించేటప్పుడు కూడా నిందను వివరంగా మళ్లీ చెప్పకండి. ఆ స్క్రీన్‌షాటునే మళ్లీ పెట్టి ‘ఇది అబద్ధం’ అని రాస్తే, నాటే పని మీరూ చేసినట్టే. ముందు నిజం చెప్పి, నిందను ఒక్క ముక్కలో ప్రస్తావించి వదిలేయండి. నిందపడ్డ మనిషికి మొదటి రోజే, ఎవరైనా ఒకరు మెత్తగా విషయం చెప్పాలి.

నిజమని తేలి, భయపెట్టేదైతే

హిజ్రీ 5, కందకం యుద్ధం. ముస్లింలతో ఒప్పందంలో ఉన్న యూదు తెగ బనూ ఖురైజా ఆ ఒప్పందం తెంచుకున్నారన్న కబురు వచ్చింది. దైవప్రవక్త (స) ఇద్దరు సఅద్‌లను, అంటే సఅద్ బిన్ ముఆజ్, సఅద్ బిన్ ఉబాదా (రజి)లను పంపుతూ ఇచ్చిన ఆదేశాన్ని చరిత్రకారులు రాశారు: నిజమైతే నాకు మాత్రమే అర్థమయ్యే సంకేతం చెప్పండి, జనం చేతులు సడలనివ్వకండి, అబద్ధమైతే అందరికీ చాటండి. వాళ్లు తిరిగొచ్చి ‘అజల్, ఖారా’ అన్నారు. ఆ రెండు తెగలూ అంతకుముందు ఏడాది రజీ దగ్గర నమ్మకద్రోహం చేశాయి.

దీన్ని అబద్ధమాడటానికి అనుమతిగా చదివేవాళ్లు ఉన్నారు, అది తప్పు. జనానికి ఆయన అబద్ధం చెప్పలేదు, ఎప్పుడు, ఎవరి నోట చెప్పాలన్నది తన చేతిలో ఉంచుకున్నారు. వాకబుకు మనుషుల్ని పంపేటప్పుడు మీరూ ముందే తేల్చుకోండి: ఎంతమంది వెళ్లాలి, తెలిసింది ఎవరికి చెప్పాలి, దారిలో అడిగినవాళ్లకు ఏమనాలి. ఇద్దరు వెళ్లి ముప్పై మందికి చెబుతూ తిరిగొస్తే వాకబు పుకారైపోతుంది.

నాయకుడు నోరు విప్పే తీరు

అనుమానం పుట్టకముందే చెప్పడం అన్నిటికంటే తేలిక. రమజాన్ చివరి పది రోజుల్లో దైవప్రవక్త (స) ఏతికాఫ్‌లో (ఆరాధన కోసం మస్జిద్‌లోనే ఉండిపోవడంలో) ఉండగా భార్య సఫియ్యా (రజి) చూడటానికి వచ్చారు. రాత్రి ఆమెను సాగనంపుతుంటే ఇద్దరు అన్సారీలు చూసి, అడుగులు వేగం చేశారు. ‘నిదానించండి, ఈమె సఫియ్యా బిన్తె హుయై’ అన్నారాయన. మిమ్మల్ని అనుమానిస్తామా అని వాళ్లు నొచ్చుకుంటే, షైతాన్ మనిషి ఒంట్లో రక్తంలా పారుతాడు, మీ మనసుల్లో ఏదైనా వేస్తాడేమోనని భయపడ్డాను అన్నారు. నన్ను అనుమానించేవాడెవడు అనుకోలేదాయన. చందాల లెక్క, నియామకాలు, బంధువుల ప్రమేయం, ఇవన్నీ చీకట్లో పక్కన నడిచే మనిషి లాంటివి. ఎవరో అడగకముందే పేరు చెప్పేయండి.

నాయకుడి గొప్పతనాన్ని పెంచే పుకారును ఖండించడం అన్నిటికంటే కష్టం. హిజ్రీ 10లో దైవప్రవక్త (స) పసిబిడ్డ ఇబ్రాహీం చనిపోయిన రోజే సూర్యగ్రహణం పట్టింది. ఆ బిడ్డ కోసమే సూర్యుడు చీకటిపడ్డాడన్నారు జనం. కడుపుకోతలో ఉన్న ఆ తండ్రి నమాజు చేయించి, సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలు, ఎవరి చావు వల్లా పుట్టుక వల్లా వాటికి గ్రహణం పట్టదు అన్నారు. మీకు లాభమిచ్చే అబద్ధాన్ని మీరే, ఆ రోజే ఖండించకపోతే, నష్టమిచ్చే అబద్ధాన్ని ఖండించిన రోజు మీ మాట ఎవరూ పట్టించుకోరు.

పుకారు పుట్టించేవాళ్లందరూ దుర్మార్గులు కారు. హిజ్రీ 11లో దైవప్రవక్త (స) మరణించినప్పుడు, ఆయన చనిపోలేదని గట్టిగా వాదించింది ఉమర్. దుఃఖం అలా అనిపించింది. అబూ బక్ర్ మదీనా శివారులోని సున్హ్ నుంచి గుర్రం మీద వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా ఆయిషా గదిలోకి వెళ్లి, ముఖం మీది దుప్పటి తీసి, ముద్దు పెట్టుకుని ఏడ్చారు. తన కళ్లతో చూశాకే బయటికొచ్చారు. ఉమర్‌ను కూర్చోమన్నారు, ఆయన కూర్చోలేదు. వాదన పెట్టుకోకుండా జనం వైపు తిరిగి రెండు వాక్యాలు చెప్పారు: ముహమ్మద్‌ను ఆరాధించినవాళ్లు తెలుసుకోండి, ముహమ్మద్ మరణించారు, అల్లాహ్‌ను ఆరాధించేవాళ్లకు అల్లాహ్ సజీవుడు, మరణం లేనివాడు. ఆ పైన జనానికి ముందే తెలిసిన ఆయతు ఒకటి చదివారు. విన్న ఉమర్‌కు కాళ్లు నిలవలేదు. ముందు చూడటం, పొరబడ్డ మంచి మనిషితో గొడవపడకపోవడం, చేదు నిజాన్ని నీళ్లు కలపకుండా మొదటి వాక్యంలోనే చెప్పడం, వాళ్లు నమ్మే ఆధారాన్నే గుర్తుచేయడం: కలవరంలో ఉన్న జనంతో మాట్లాడటానికి ఇంతకంటే కావాల్సింది లేదు.

ఒక్కోసారి పుకారు అడుగున నిజమైన బాధ ఉంటుంది. హునైన్ యుద్ధం తర్వాత జిఅరానాలో యుద్ధ సొత్తు పంపకాలప్పుడు, ఆయన తనవాళ్లను కలిశాక మమ్మల్ని మరిచారని అన్సార్లలో గొణుగుడు మొదలైంది. దైవప్రవక్త (స) వాళ్లను మాత్రమే ఒక చోట కూర్చోబెట్టి, తాను విన్న మాట దాచకుండా చెప్పారు. వాళ్లు అనగలిగీ అననిదాన్ని కూడా తానే అన్నారు: మీరు వెలివేయబడి వస్తే మేం ఆశ్రయమిచ్చాం అని మీరు అంటే, అది నిజమే అవుతుంది. ఎదుటివాళ్ల వాదనను వాళ్లకంటే బలంగా మీరు చెప్పగలిగిన క్షణాన వాళ్లు మీ మాట వింటారు. గొణుగుతున్నవాళ్ల పేర్లు అడిగి పట్టుకోవడం దీనికి పూర్తిగా వ్యతిరేక దిశ.

రాతలో వచ్చిన కబురు

ముద్ర లేని లేఖను రాజులు చదవరని తెలిసి, దైవప్రవక్త (స) ‘ముహమ్మద్ రసూలుల్లాహ్’ అని మూడు వరసల్లో చెక్కిన వెండి ఉంగరం చేయించుకున్నారు. అలాంటి చెక్కడం ఇంకెవరూ చేయించుకోవద్దన్నారు. మీ సంఘం ప్రకటనలకూ ఒకే చోటు, ఒకే సంతకం ఉండనివ్వండి. నాలుగు ఫోన్ల నుంచి ప్రకటనలు వెళితే, అయిదోది నకిలీ అని ఎవరికీ తెలియదు.

తేదీ రెండోది. ఉమర్ దగ్గరికి ‘షాబాన్’ అని మాత్రమే రాసిన పత్రం వస్తే, ఏ షాబాన్, గడిచిందా, ఇప్పటిదా, రాబోయేదా అని అడిగారని చరిత్రకారులు రాశారు. హిజ్రీ సంవత్సరాల లెక్క ఆయన హయాంలోనే స్థిరపడింది. పాత ఫొటో, పాత వీడియో కొత్తదిగా తిరగడం ఇలాంటి తేదీ లేని పత్రమే.

మూడోది మాట ఎవరి నుంచి ఎవరికి వచ్చిందన్న వరస, అంటే ఇస్నాద్. అంతర్యుద్ధాల కాలం వచ్చాక ‘మీకు చెప్పినవాళ్ల పేర్లు చెప్పండి’ అని అడగడం మొదలైందని ఇబ్ను సీరీన్ అన్నారు. హదీసు పండితులు ప్రతి మనిషి గురించీ రెండు విషయాలు విడివిడిగా చూశారు: నిజాయితీ ఉందా, జ్ఞాపకం గట్టిదా. మదీనాలో వందమందిని చూశాను, అందరూ నమ్మకస్తులే, అయినా వాళ్ల దగ్గర హదీసు తీసుకోరు అని అబుజ్జినాద్ చెప్పింది ఈ రెండో లెక్కతోనే. మీకు ఫార్వర్డ్ పంపిన పెద్దాయన అబద్ధమాడడు, నిజమే. ఆయన విన్నది విన్నట్టు చెబుతాడా, ఎక్కడిదో చూస్తాడా అన్నది వేరే ప్రశ్న.

మంచి ఉద్దేశం ఇక్కడ సాకు కాదు. నూహ్ బిన్ అబీ మర్యమ్ జనాన్ని ఖుర్ఆన్ వైపు తిప్పడానికని సూరాల మహిమల మీద హదీసులు కల్పించాడు, పండితులు అతన్ని అబద్ధాలకోరుల జాబితాలోనే పెట్టారు. దైవప్రవక్త (స) మీద రోజూ చెత్త పోసే ముసలమ్మ కథ ఎన్నో ప్రసంగాల్లో వినబడుతుంది, ప్రామాణిక హదీసు గ్రంథాల్లో లేదు. మదీనాలోని ప్రవక్త మస్జిద్ సేవకుడైన షేక్ అహ్మద్‌కు కల వచ్చిందనీ, ఇంతమందికి పంచకపోతే నష్టమనీ చెప్పే కరపత్రాన్ని ఖండిస్తూ సౌదీ పండితుడు బిన్ బాజ్ ప్రత్యేకంగా రాయాల్సి వచ్చింది. పంచకపోతే కీడని బెదిరించే ఏ రాతకైనా ఆ బెదిరింపే మొదటి అనుమానపు గుర్తు.

నింద తొలగాక

అబద్ధమని తేలడంతో పని అయిపోదు. మిస్తహ్ అబూ బక్ర్‌కు బంధువు, పేదవాడు, ఆయన ఖర్చులు అబూ బక్రే భరించేవారు. తన కూతురి మీద నింద మోశాడని తెలిసి ఇక ఇవ్వనని ఒట్టు పెట్టుకున్నారు. సూరా నూర్ 22వ ఆయతు వచ్చింది: అల్లాహ్ మిమ్మల్ని క్షమించాలని మీకు ఉండదా? అబూ బక్ర్ ‘ఉంటుంది’ అని, ఆ సాయం మళ్లీ మొదలుపెట్టి, ఎప్పటికీ ఆపనన్నారు. పుకారు మోసినవాడు తప్పు ఒప్పుకున్నాక అతని పని, జీతం, అన్నం మీద దెబ్బ కొట్టకండి. బాధ్యత ఉన్న చోటు నుంచి కొంతకాలం తప్పించడం వేరు.

నిందపడ్డవాడి పేరు తిరిగి నిలబెట్టడం ఇంకా ముఖ్యం, ఎక్కువగా మరిచిపోయేదీ ఇదే. కూఫా ఫిర్యాదుల మీద ఉమర్ సఅద్‌ను పదవి నుంచి తప్పించారు. తప్పించడాన్ని చూసినవాళ్లు ఆయన నేరం చేశాడనే అనుకుంటారు. హిజ్రీ 23లో కత్తిపోట్లతో మంచం మీద ఉండి, తర్వాతి ఖలీఫాను ఎంచే ఆరుగురిలో సఅద్ పేరు చేర్చి, ఉమర్ అందరూ వింటుండగా చెప్పారు: అధికారం సఅద్‌కు వస్తే సరే, రాకపోతే ఎవరు పాలకుడైనా ఆయన సాయం తీసుకోండి, అసమర్థత వల్లనో ద్రోహం వల్లనో నేను ఆయనను తొలగించలేదు.